వెనక అద్దానికి తగిలిన దిష్టి

సురేందర్‌కు కోపం ముక్కు మీదే ఉంటుందని అమీర్‌పేటలో ఆ గల్లీ వాళ్ళంతా అంటారు. అది తప్పు. ముక్కు మీద ఉంటే తుడుచుకోవడానికైనా వీలుంటుంది. సురేందర్‌కు అది నాలుక మీద ఉంటుంది, ఒక్కోసారి చేతుల మీద కూడా ఉంటుంది. అలాంటి మనిషి ఆ అమావాస్య రోజు పొద్దున్నుంచీ ఎవరి మీదా కేకలేయకుండా నెట్టుకొచ్చాడంటే, ఆ రోజు అతనికి ఎంత ముఖ్యమో మీరే అర్థం చేసుకోండి.

ఏళ్ళ తరబడి వాళ్ళ బండీ వీళ్ళ బండీ నడిపి, అందరి చేతా మాటలు పడి, చివరికి ఫైనాన్సులో సొంతంగా ఓ ఎస్‌యూవీ కొన్నాడు. పంజాగుట్టలో ఒక ఆఫీసువాళ్ళు స్టాఫ్‌ను తీసుకొచ్చి దింపడానికి బండ్లు పెట్టుకుంటున్నారని తెలిసి, అక్కడి మెట్లు అరిగేలా తిరిగాడు. ఆ బండ్ల వ్యవహారం చూసే రవికాంత్ ఆఖరికి కరుణించి, అమావాస్యనాడు సాయంత్రం ఐదింటికి బండి తెచ్చి మేనేజరుకు చూపించమన్నాడు. "చిన్న గీత కూడా ఉండకూడదండీ. మీ వెనకాల ఇంకో బండి రెడీగా ఉంది. ఐదు దాటితే నేనేం చెయ్యలేను," అని ముందే చెప్పాడు. ఆ పని దొరికితే బండి నిలుస్తుంది. దొరక్కపోతే బండి ఫైనాన్సు వాడి ఇంటికి పోతుంది, సురేందర్ మళ్ళీ పరాయి స్టీరింగు పట్టుకోవాలి.

ఇంత పెద్ద పనికి పోతూ దిష్టి తీయకుండా ఉంటుందా సురేందర్ తల్లి స్వరాజ్యం? తెల్లవారకముందే కొడుకును లేపింది. బూడిద గుమ్మడికాయకు కుంకుమ రాసి, పైన కర్పూరం వెలిగించి, బండి చుట్టూ తిప్పించి, గల్లీ మూల మీద కరెంటు స్తంభం దగ్గర కొట్టించింది.

"కొట్టినంక ఎనకకు చూడొద్దు బిడ్డా. చూస్తే మనెంబడే వస్తది. సక్కగ ఇంట్లకొచ్చి కాళ్ళు కడుక్కో," అంది.

సురేందర్ బలంకొద్దీ కొట్టాడు. వెనక్కి చూడలేదు. కాళ్ళు కడుక్కున్నాడు. తర్వాత బండిని అద్దంలా కడిగి, తుడిచి, మూల తిరగ్గానే గోడ వారగా పెట్టి, మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నాడు. రెండో ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే బయట ఫటేల్‌మని చప్పుడైంది.

ఎంగిలి చేత్తోనే పరిగెత్తాడు. చూస్తే, ఏముంది అక్కడ! బండి వెనక అద్దం పూర్తిగా పోయింది. పటికబెల్లం ముక్కల్లా రాలి రోడ్డంతా పరుచుకుంది. అద్దం ఉండాల్సిన చోట రెండు పొడుగాటి కర్రలు లోపలికి దూసుకుపోయి ఉన్నాయి. కింద ఒక స్కూటీ పడి ఉంది. స్కూటీ పక్కన, ముప్పయ్యయిదేళ్ళ మనిషి, కుడి చేతిని ఎడమ చేత్తో పట్టుకుని రోడ్డు మీద కూర్చుని ఉంది.

సురేందర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏమ్మా! కండ్లు కనిపిస్తలేవా? ఇంత పెద్ద బండి, తెల్లగ, గోడకు ఆనిచ్చి పెట్టిన. దీని మీదికే రావాల్నా? అమీర్‌పేటల నీకు ఇంకేం దొర్కలేదా?"

ఆవిడ తక్కువ తినలేదు. కూర్చున్నచోటు నుంచే గొంతు లేపింది.

"ఏంటండీ ఆ అరుపులు? నేనేమన్నా ముచ్చటపడి గుద్దానా? చూడండి, అటు చూడండి! నడిరోడ్డు మీద గుమ్మడికాయ! మూల తిరిగానో లేదో బండి జర్రున జారింది. ముందున్న మగ్గం కర్రలు వెళ్ళి మీ అద్దానికి తగిలాయి. అరవాలనుంటే ఈ గుమ్మడికాయ పగలగొట్టిన మహానుభావుడెవరో వెతుక్కుని, వాడి మీద అరవండి!"

చూశాడు. నిజమే. కుంకుమ పూసిన సగం చెక్క నడిరోడ్డు మీద నలిగిపోయి, గుజ్జు గజం మేర సాగి ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. మన సురేందర్ భుజాలు కూడా తడుముకోలేదు. తను కొట్టింది స్తంభం దగ్గర, ఇది ఉన్నది నడిరోడ్డు మీద, కాబట్టి ఇది తనది కాదు. అంతే, తీర్పు అయిపోయింది. ఎదురుగా విజయేందర్ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. ప్రతి అమావాస్యకూ గుమ్మడికాయ కొడతాడు. వాడిదే ఇది. దుకాణానికి మధ్యాహ్నపు తాళం వేలాడుతోంది గానీ, లేకపోతే అప్పుడే వాడి కాలరు పట్టుకునేవాడు.

"వాని సంగతి నేను చూస్త. గుద్దింది మాత్రం నువ్వు. సాయంత్రం ఐదింటికి నా బండి పంజాగుట్టల ఉండాలె, అద్దంతోని. నాతోని రా, అద్దం ఏపియ్యి," అని స్కూటీని లేపి గోడ వారగా పెట్టి, తాళం లాగి జేబులో వేసుకున్నాడు.

"ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళాలండీ. చెయ్యి కదలట్లేదు."

"గుద్దినోళ్ళందరికి చేతులు కదలవు. నకరాలు చెయ్యకు."

ఛీ, మనిషన్నవాడు అనాల్సిన మాటేనా అది? కళ్ళెదుటే మణికట్టు ఉబ్బుతోంది. కానీ కోపంలో ఉన్నవాడికి తన అద్దం పగిలింది కనిపిస్తుంది గానీ పక్కవాళ్ళ చెయ్యి కనిపిస్తుందా?

ఆవిడ పేరు హరిణి. ఉండేది యూసుఫ్‌గూడ. పంజాగుట్టలో ఒక బట్టల షాపువాళ్ళకు పెళ్ళి జాకెట్ల మీద మగ్గం పని చేసిస్తుంది. గుడ్డను బిగించి కుట్టే చట్రం కర్రలు పాతబడ్డాయని అమీర్‌పేటలో వడ్రంగి దగ్గర కొత్తవి చేయించుకుని పోతోంది. తాళం అతని జేబులో ఉంది కాబట్టి కారెక్కింది. ఎక్కుతూ ఒక మాట మాత్రం గట్టిగా చెప్పింది.

"వస్తాను. కానీ ఆ గుమ్మడికాయవాడెవడో తేలేదాకా నేను మిమ్మల్ని వదలను. వాణ్ణి నాలుగు మాటలనకపోతే నాకు నిద్ర పట్టదు."

"నాలుగేంది, నేను నలభై అంట," అన్నాడు సురేందర్.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట ఎంత దూరం? మెట్రోలో అయితే ఒక్క స్టేషన్. కిందినుంచి పోయేవాళ్ళకే తెలుస్తుంది ఆ దూరం. ప్రతి గుంటకూ వెనక నుంచి గాజుముక్కలు గలగలమని రాలుతున్నాయి. ప్రతి బైకువాడూ పక్కకొచ్చి, "అన్నా, ఎనక అద్దం లేదు!" అని చెప్పి పోతున్నాడు, అదేదో సురేందర్‌కు తెలియనట్టు.

"ఎరుకేరా! నాకు ఎరుకే! నువ్వు ముందటికి చూసి నడుపు!" అని నాలుగోవాడి మీద విరుచుకుపడ్డాడు.

"పాపం, అతనేం చేశాడండీ?" అంది హరిణి.

"నువ్వు మాట్లాడకు."

"మాట్లాడతాను. మీరు నా బాసా? నాకు జీతమిస్తున్నారా?"

జంక్షన్ దగ్గర బండ్లు ఆగిపోయాయి. సురేందర్ హారన్ మీద చెయ్యి తీయడం లేదు. వెనకనుంచి ఎండ, పొగ, దుమ్ము అన్నీ తమ సొంత ఇల్లయినట్టు లోపలికి వచ్చేస్తున్నాయి. ఇద్దరూ చెరో కిటికీ వైపు తిరిగి, గుమ్మడికాయలు కొట్టేవాళ్ళను తిట్టుకున్నారు. ఆ ఒక్క విషయంలోనే వాళ్ళకు కుదిరింది.

"ఎవనిదో దిష్టి పోవాల్నంటె నడిరోడ్డు మీద పగలగొడ్తడు. తొక్కినోడు సచ్చినా వానికి పట్టది. సిగ్గులేని నా కొడుకులు," అన్నాడు సురేందర్.

"అదే కదా! వాడి పీడ వదలాలి, ఇంకొకడికి పట్టాలి. అదేం బుద్ధండీ?" అంది హరిణి.

పంజాగుట్టలో, పెద్ద రోడ్డు వెనక సందులో అద్దాల షాపు. బోర్డు మీద వీరవెంకటసత్యనారాయణ అని ఓనరు పేరు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా రాసి ఉంది. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, డిక్కీ తెరిచి, మూలమూలలా ఇరుక్కున్న ముక్కలు దులిపించి, గోడౌన్ నుంచి అద్దం తెప్పించాడు. పాత గమ్ము గీకి, కొత్త గమ్ము పూసి, ఇద్దరు మనుషులతో అద్దాన్ని మెల్లగా ఆనించి, టేపులు వేశాడు. అప్పటికి మూడున్నర దాటింది.

"నాలుగున్నర దాకా కదపకండి బాబూ. డోర్లు కూడా వెయ్యొద్దు. గమ్ము పచ్చిగా ఉంది, అద్దం జారిందంటే నాకు సంబంధం లేదు," అన్నాడు.

నాలుగున్నరకు బయల్దేరితే ఐదుకు ముందే ఆఫీసు. సురేందర్ ఊపిరి పీల్చుకున్నాడు. బెంచీ మీద ఒక చివర తను, ఇంకో చివర హరిణి. ఆవిడ ఫోను మోగింది. ఎడమ చేత్తో తీసింది.

"ఆఁ, అరుణాదేవి గారూ... పెళ్ళి జాకెట్టు కదండీ, గుర్తుందండీ... ఎల్లుండికి ఇచ్చేస్తానండీ," అంటూ ఒళ్ళో పెట్టుకున్న కుడి చేతివైపు చూసుకుంది. మణికట్టు పొంగి, వేళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. ఫోను పెట్టేశాక కళ్ళ నీళ్ళు తిరిగాయి, అవి అతనికి కనబడకూడదని పైకి చూసింది.

సురేందర్‌కు కనబడ్డాయి. కనబడేసరికి మరింత ఒళ్ళు మండింది. తప్పు చేశానేమోనని అనుమానం వస్తే కొందరు మెత్తబడతారు. సురేందర్ జాతి వేరు, ఇంకొకణ్ణి వెతుక్కుంటాడు.

"ఆగు, వాని సంగతి ఇప్పుడే చెప్త," అని విజయేందర్‌కు ఫోను కలిపాడు.

"స్పీకర్ పెట్టండి. నేనూ వినాలి," అంది హరిణి.

పెట్టాడు. పెట్టి మొదలుపెట్టాడు.

"అరే విజయేందర్! నీకు దమాక్ ఉన్నదారా? నడిరోడ్డు మీద గుమ్మడికాయ పగలగొడ్తవా? నీ దుకాణం సల్లగుండాలె, మా బండ్లు పగలాల్నా? ఈడ నా అద్దం పోయింది, ఈ మేడమ్ చెయ్యి పోయింది. వచ్చినంక నీ దుకాణం అద్దాలు ఒక్కటి సుత మిగలవు, చెప్తున్న!"

"గదేందన్నా!" అవతల విజయేందర్ నిద్రలోంచి లేచినట్టున్నాడు. "నేనింకా కొట్టనే లేదు. నా గుమ్మడికాయ దుకాణంల కౌంటర్ కిందనే ఉన్నది. నేను పొద్దుమీకినంకనే కొడ్త, నీకు ఎరుకే గద."

"మరి ఆ మూల మీదిది ఎవనిది?"

"నీదే గదన్నా."

సురేందర్ గబుక్కున స్పీకర్ ఆపబోయాడు. వేలు తప్పిపోయింది.

"పొద్దుగాల నువ్వు కొడ్తుంటె నేను దుకాణం కడగనీకి వచ్చి షట్టర్ ఎత్తుతున్న. మస్తు జోరుగ కొట్టినవ్. సగం చెక్క స్తంభానికి తగిలి, దొర్లుకుంట నడిమధ్యలకొచ్చి ఆగింది. నువ్వేమో ఎనకకు చూడకుండ పోయినవ్."

"చూసినోనివి... తియ్యలేదేందిరా?" సురేందర్ గొంతు దిగిపోయింది.

"నీ దిష్టి నేనెట్ల ముడ్తనన్నా? పిల్లలున్నోణ్ణి."

సురేందర్ ఫోను కట్ చేశాడు. షాపులో పనివాళ్ళు కూడా చేతులాపి చూస్తున్నారు. నాలుగు మాటలంటానన్న హరిణి అతని మొహంలోకే చూస్తోంది. ఆ చూపు భరించలేక ఏదో ఒకటి అనబోతున్నాడు, మళ్ళీ ఫోను మోగింది. తల్లి. స్వరాజ్యం గొంతుకు స్పీకర్ అక్కర్లేదు, పక్క సందుకు కూడా వినబడుతుంది.

"బిడ్డా, అద్దం ఏసిండ్రా? ఫికర్ చెయ్యకురా. నేను గుడి అయ్యగారిని అడిగిన. గండం అద్దం మీదికెళ్ళి పోయిందట. ఆ పిల్ల తొక్కింది గద, మన దిష్టంత ఆమె పట్టుకపోయింది. ఇగ నీ పని అయితది, చూడు!"

"అమ్మా, నువ్వు ఫోన్ పెట్టు! పెట్టు అంటున్న!" అని అరిచాడు.

హరిణి లేచి నిలబడింది. అప్పటిదాకా అరిచిన మనిషి ఇప్పుడు మెల్లగా మాట్లాడింది. ఆ మెల్లదనానికే సురేందర్ ఎక్కువ బెదిరాడు.

"నా ఖర్మ ఇలా రాసిపెట్టి ఉందనుకున్నానండీ ఇందాకట్నుంచీ. కాదన్నమాట. మీరు రాశారు. మీ ఇంటిల్లిపాదీ సుఖంగా ఉండటానికి నాకు రాశారు. తాళం ఇవ్వండి."

ఇచ్చాడు. బ్యాగు తీసుకోబోయి, అలవాటున కుడి చెయ్యి చాపింది. అమ్మా అని అక్కడే కూలబడింది.

అప్పుడు టైము నాలుగు. సురేందర్ కొత్త అద్దం వైపు చూశాడు, గోడ మీది గడియారం వైపు చూశాడు. చూసి, సందు చివరకు పరిగెత్తి, కనబడిన ఆటోకు అడ్డం నిలబడి, తీసుకొచ్చాడు.

"ఎక్కుండ్రి మేడమ్. దవాఖానకు పోదాం."

ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది, కానీ లోపల జనం గుమ్మం దాకా ఉన్నారు. ఎక్స్‌రేకు చాలాసేపు పడుతుందని కౌంటర్ దగ్గరి అమ్మాయి చెప్పింది. సురేందర్ ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మారుతూ నిలబడ్డాడు. ఇప్పుడు వెళ్ళినా అందుకోవచ్చు. హరిణికి అతని మొహంలో అది కనబడింది.

"వెళ్ళండి. ఐదవుతుంది కదా. నేను చూసుకుంటాను," అంది.

"వచ్చేస్త మేడమ్. బండి చూపిచ్చి, గిట్ల పోయి గట్ల వచ్చేస్త."

"రానక్కర్లేదు. పొద్దున పోయారు కదా, అలాగే పొండి. వెనక్కి చూడకండి."

నాలుగడుగులు వేసినవాడు ఠక్కున ఆగిపోయాడు. చెంప మీద కొట్టినా అంత మంట పుట్టేది కాదు. గిర్రున వెనక్కి తిరిగాడు.

"నేను పోను!" అని అరిచాడు. కుర్చీల్లో ఉన్న రోగులంతా ఉలిక్కిపడ్డారు. "పో పో అంటె పోతనా? ఏమనుకున్నరు నన్ను? తప్పు చేసిన! చెయ్యి కదుల్తలేదంటె నకరాలన్న! బుద్ధి లేక అన్న! అంటె అన్న గని, నేను పోను!"

"సార్, ఇది హాస్పిటల్. మెల్లగా మాట్లాడండి," అంది కౌంటర్ అమ్మాయి.

"మెల్లగనే మాట్లాడుతున్న!" అని ఇంకా గట్టిగా అరిచి, హరిణి పక్క కుర్చీలో ధబీమని కూర్చున్నాడు.

ఐదు కాగానే రవికాంత్ దగ్గర్నుంచి ఫోను వచ్చింది. జర లేటైతది సార్, ఆరింటికి పక్కా వస్త అన్నాడు సురేందర్. మేనేజరు కిందికి దిగి ఉన్నాడని, రెండో బండిని గేటు లోపలికి పిలిచేశారని, ఏమీ అనుకోవద్దని రవికాంత్ చెప్పాడు. నిజంగానే బాధపడుతూ చెప్పాడు. సురేందర్ ఫోనును జేబులో పెట్టుకుని, ఎదుటి గోడ మీద చేతులు కడుక్కునే పద్ధతి గురించిన బొమ్మను చూస్తూ కూర్చున్నాడు. ఎవరి మీద అరవాలో తెలియని కోపం ఎలా ఉంటుందో అతనికి ఆ రోజే తెలిసింది.

ఎముక చిట్లింది. మోచేతి దాకా పిండికట్టు వేశారు. నెలన్నర దాకా సూది ముట్టకూడదన్నారు. హరిణి ఆసుపత్రి మెట్ల మీద నిలబడి అరుణాదేవి గారికి ఫోను చేసి, జాకెట్టు ఇంకెవరి చేతనైనా కుట్టించుకోమంది. అవతల ఆవిడ ఏమందో గానీ, క్షమించండి క్షమించండి అని ఐదారుసార్లు అంది.

"మేడమ్, నెలన్నర దాంక మీరు యాడికి పోవాల్నన్నా నాకు ఫోన్ చెయ్యుండ్రి. నేను తీస్కపోత," అన్నాడు సురేందర్, నేల చూస్తూ.

"చేస్తాను," అంది హరిణి. "తప్పకుండా చేస్తాను. అలాగని మిమ్మల్ని క్షమించాననుకోకండి. నాకింకా మండిపోతోంది."

"మండాల్సిందే," అన్నాడు.

సత్యనారాయణ షాపులో అద్దం డబ్బులు తనే కట్టి, బండి తీసి, ఆమెను యూసుఫ్‌గూడలో దింపి, అమీర్‌పేట చేరేసరికి పొద్దుగూకుతోంది. మూల మీద హాస్టలు పిల్లలు గుజ్జును దాటుకుంటూ, గెంతుకుంటూ పోతున్నారు. దాటుతున్నారు గానీ ఒక్కరూ తీయడం లేదు. సురేందర్ బండి ఆపి, ఇంట్లోంచి బకెట్టు, చీపురు పట్టుకొచ్చి, రోడ్డు మధ్యలో గొంతుక్కూర్చున్నాడు. దుకాణంలోంచి విజయేందర్ గుమ్మడికాయ రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. పైన కర్పూరం వెలుగుతోంది.

"జర జరుగన్నా. కర్పూరం ఆరిపోతది."

"పోయి నీ దుకాణంల కొట్టుకో," అన్నాడు సురేందర్, తలెత్తకుండా.

విజయేందర్ కొట్టాలో వద్దో తెలియక నిలబడిపోయాడు. సురేందర్ చీపురు పక్కన పడేసి, కుంకుమతో ఎర్రబడ్డ చెక్కను ఉత్త చేతుల్తో ఎత్తాడు. బాల్కనీలోంచి అది చూసిన స్వరాజ్యం గుండెలు బాదుకుంది.

"ఓరి నీ పాడుగాను! ముట్టకురా! ముట్టుకుంటె దిష్టంత మల్ల మనకే వస్తది!"

సురేందర్ చెక్కను బకెట్లో వేసి తల్లి వైపు చూశాడు.

"రానియ్యమ్మా! మనదే గద!"